ఇనుముకూ పత్తికీ ఒకే కిరాయా?

మన కుటుంబాల్లో లారీని నమ్ముకుని బతికేవి ఎన్నో ఉన్నాయి. ఒక ఇంట్లో లారీ యజమాని, ఇంకో ఇంట్లో డ్రైవరు, పక్కింట్లో క్లీనరు, ఆ వెనుక వీధిలో మెకానిక్కు, టైర్ల పని చేసే కుర్రవాడు. విజయవాడ ఆటోనగర్ మొదలుకొని కర్నూలు, నెల్లూరు, హైదరాబాదు దాకా ఏ లారీల అడ్డాకు వెళ్లినా జొహర్ వేళకు చేతులకంటిన గ్రీజు కడుక్కుని వచ్చి సఫ్‌లో నిలబడేవారు కనిపిస్తారు. నమాజు గురించి, ఉపవాసం గురించి వారితో ఎంతో మాట్లాడతాము. వారి పొయ్యి వెలిగించే కిరాయి గురించి మాత్రం, అది మన పని కాదన్నట్టు మౌనంగా ఉండిపోతాము. హలాల్ సంపాదన ఎంత ముఖ్యమో చెప్పే నోటితోనే ఆ సంపాదన లెక్క ఎలా వేయాలో కూడా చెప్పాలి కదా. ఈ శుక్రవారం ఆ పనికి పూనుకున్నాము.

మేము చెప్పదలచుకున్నది మామూలు లోడ్ల గురించి కాదు. బియ్యం బస్తాలకు, సిమెంటుకు మార్కెట్లో ఒక రేటు నడుస్తూనే ఉంటుంది, పది మందిని అడిగితే తెలిసిపోతుంది. చిక్కంతా పెద్ద లోడ్లతోనే. విద్యుత్ ట్రాన్స్‌ఫార్మర్లు, కర్మాగారాల బాయిలర్లు, గాలిమరల రెక్కలు, క్రేను భాగాలు వంటి వాటిని లారీ వాళ్లు ఓ.డి.సి. లోడు అంటారు. మన దేశంలో వాహనం వెడల్పు 2.6 మీటర్లు మించరాదని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది. పొడవుకూ ఎత్తుకూ కూడా హద్దులున్నాయి. విడదీయడానికి వీల్లేని ఒకే వస్తువై, ఈ హద్దులు దాటి ఉంటే అది ఓ.డి.సి. దానికి ప్రత్యేక అనుమతి, ప్రత్యేకమైన బండి, ప్రత్యేకమైన నడక అన్నీ కావాలి. కానీ బేరం మాత్రం ఫోనులో రెండు ముక్కల్లో తేలిపోతుంది: టన్నుకు ఎంత? కిలోమీటరుకు ఎంత? ఎవడు తక్కువ చెబితే లోడు వాడిది. ఈ రెండు ప్రశ్నలతో ఓ.డి.సి. కిరాయి తేల్చడం అన్యాయమని, ఆ అన్యాయం చివరకు స్టీరింగు పట్టుకున్నవాడి మీదనే పడుతుందని మా అభిప్రాయం.

మదర్సాలో చదివినవారికి హిదాయా గ్రంథం తెలియనిది కాదు. పన్నెండో శతాబ్దంలో బుర్హానుద్దీన్ మర్గీనానీ రచించిన ఆ గ్రంథంలో ఇజారా, అంటే కిరాయి ఒప్పందాల ప్రకరణం ఒకటి ఉంది. (మన తెలుగులో ఇజారాదారు అంటే గుత్తకు తీసుకుని పెత్తనం చేసేవాడనే అర్థమే మిగిలింది గానీ, మాట అక్కడిదే. కిరాయి, హమాలీ, దళారి కూడా ఆ దారినే వచ్చిన మాటలు. లారీ అడ్డాలో సగం భాష మన కితాబుల్లోదే!) ఆ ప్రకరణంలో ఒక మస్అలా ఉంది. ఒకడు ఇంత తూకం పత్తి మోయించడానికి ఒక జంతువును కిరాయికి తీసుకున్నాడు. అదే తూకం ఇనుమును దాని మీద వేయవచ్చునా? తూకం సమానమే కదా అని మనకు అనిపిస్తుంది. వేయకూడదని ఫిఖహ్ పండితులు తేల్చారు. ఎందుకంటే పత్తి వీపంతా పరచుకుంటుంది, ఇనుము ఒక్కచోటే పోగుపడి ఆ చోటును నలిపేస్తుంది. బరువు ఒకటే అయినా భారం ఒకటి కాదు.

ఎనిమిది వందల ఏళ్ల క్రితం గాడిదలను, ఒంటెలను చూసి చెప్పిన ఈ మాటను నేటి రోడ్డు ఇంజనీరు యాక్సిల్ లోడు అంటాడు. వాహనం మొత్తం బరువు ఎంత అన్నది ఒక ప్రశ్న, అది ఏ ఇరుసు మీద ఎంత పడుతోంది అన్నది మరో ప్రశ్న. 2018 జూలైలో కేంద్రం ఈ హద్దులను పెంచింది. నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు 10.2 టన్నులుగా ఉన్నది 11.5 టన్నులయింది, జంట ఇరుసులకు 19 టన్నులుగా ఉన్నది 21 అయింది. హద్దు పెరిగిందే గానీ సూత్రం మారలేదు. 1958-60 మధ్య అమెరికాలోని ఇల్లినాయ్‌లో జరిగిన రోడ్డు పరీక్షల నుంచి తేలిన లెక్క ఒకటుంది. ఇరుసు మీది బరువు పెరిగితే రోడ్డుకు జరిగే నష్టం దానికి ఇంచుమించు నాలుగో ఘాతంగా పెరుగుతుంది. అంటే పది టన్నులు మోయవలసిన ఇరుసు మీద పదమూడు వేస్తే బరువు పెరిగింది మూడో వంతు కంటే తక్కువే, రోడ్డుకు దెబ్బ మాత్రం దాదాపు మూడింతలు.

ఇక రెండో చివర చూడండి. అనంతపురం, కర్నూలు జిల్లాల కొండలమీద గాలిమరలు తిరుగుతుండడం మన పాఠకులు చూసే ఉంటారు. వాటి రెక్కలు యాభై మీటర్లు కూడా దాటుతాయి. అంత పొడవున్నా ఒక రెక్క పది పదిహేను టన్నులు తూగితే గొప్ప. ఇది పత్తి. గ్రానైటు ఘనమీటరు రాయి సుమారు 2.7 టన్నులుంటుంది. మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తున్న దిమ్మె 32 టన్నులు దాటుతుంది, వెడల్పులో హద్దు మీరనే మీరదు. ఇది ఇనుము. టన్నుకింత అని కిరాయి కడితే రెక్క మోసేవాడు నాశనమవుతాడు, ఎందుకంటే ఆ రెక్క బరువుతో కాదు, పొడవుతో చంపుతుంది. ప్రతి మలుపూ ఒక పరీక్ష, ప్రతి కరెంటు తీగా ఒక గండం. కిలోమీటరుకింత అని కడితే దిమ్మె మోసేవాడి టైర్లు, స్ప్రింగులు, ఇరుసులు ఎవరి ఖాతాలో అరిగిపోతాయో అడిగే నాథుడుండడు.

బరువు సంగతి ఇలా ఉంటే కాలం సంగతి ఇంకా ఘోరం. 2018 ఏప్రిల్ నుంచి సరుకు రవాణాకు ఈ-వే బిల్లు వచ్చింది. మామూలు సరుకు రోజుకు 200 కిలోమీటర్లు నడుస్తుందని లెక్కగట్టి ప్రభుత్వం ఆ బిల్లుకు గడువు ఇస్తుంది (2020 చివరి దాకా ఇది 100 కిలోమీటర్లే). ఓ.డి.సి.కి ఎంత దూరానికి ఒక రోజు గడువో తెలుసా? 20 కిలోమీటర్లకు! అంటే ఈ బండి మామూలు బండిలో పదోవంతు వేగంతో నడిచినా ఆశ్చర్యం లేదని ప్రభుత్వమే ఒప్పుకుంటోంది. ప్రభుత్వం ఒప్పుకున్నదాన్ని మన బ్రోకర్లు ఒప్పుకోరు.

దీనికి నమ్మలేని ఉదాహరణ ఒకటి మన కళ్ల ముందే జరిగింది. 2019 జూలైలో మహారాష్ట్ర నుంచి తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రానికి దాదాపు 70 టన్నుల యంత్రం ఒకటి 74 చక్రాల బండి మీద బయలుదేరింది. మామూలు లారీ వారం రోజుల్లో చేరే దూరమది. ఆ బండి 2020 జూలైలో చేరింది. ఏడాది! దారిలో చెట్ల కొమ్మలు కొట్టారు, తీగలు ఎత్తారు, కొన్నిచోట్ల రోడ్డే బాగుచేసుకుంటూ వెళ్లారు. లాక్‌డౌన్ వచ్చి మన ఆంధ్రప్రదేశ్‌లో నెల రోజుల దాకా నిలిచిపోయింది. వెంట ముప్పై మందికి పైగా సిబ్బంది ఉన్నారు. వారి ఇళ్లలో ఆ ఏడాది రెండు పండుగలు వచ్చిపోయాయి. ఇలాంటి ప్రయాణానికి కిలోమీటరు రేటు అన్న మాటకు అర్థమేమైనా ఉందా?

అంత పెద్ద కథ అక్కరలేదు. చిన్న లెక్క ఒకటి వేసి చూద్దాం. ఈ అంకెలు మేము లెక్క కోసం అనుకున్నవే, ఎవరికి వారు తమ అంకెలు వేసుకోవచ్చు. ఒక ట్రైలరుకు వాయిదా, ఇన్సూరెన్సు, పన్ను, జీతాలు కలిపి నెలకు మూడు లక్షల ఖర్చు అనుకుందాం. (వాయిదాలో కలిసివచ్చే వడ్డీ సంగతి వేరే, అది మరో శుక్రవారం మాట్లాడుకోవలసిన పెద్ద బాధ.) అంటే బండి కదిలినా కదలకపోయినా రోజుకు పదివేలు. లోడు వెళ్లవలసిన దూరం 600 కిలోమీటర్లు. లోడుతో లీటరుకు ఒకటిన్నర కిలోమీటరు, ఖాళీగా మూడు కిలోమీటర్లు వస్తే పోయేటప్పుడు 400 లీటర్లు, తిరిగి వచ్చేటప్పుడు 200. లీటరు వంద రూపాయలనుకుంటే డీజిలు 60 వేలు. టైర్లు, మరమ్మతులు కిలోమీటరుకు పది రూపాయల చొప్పున 12 వేలు. అనుమతులు, టోలు, ముందు వెనుక నడిచే పైలట్ బండ్లు, తీగలెత్తే మనుషులు, ఇవన్నీ 60 వేలు. ఇక్కడిదాకా 1,32,000.

బేరమాడినవాడు పోను రెండు రోజులు, రాను రెండు రోజులు అని నాలుగు రోజులే లెక్కగట్టాడు. నలభై వేలు కలిపితే 1,72,000. రెండు లక్షలకు లోడు ఒప్పుకుని 28 వేలు మిగిలాయని ఇంట్లో చెప్పాడు. నిజంగా జరిగింది వేరు. లోడు ఎత్తడానికి, దించడానికి మూడు రోజులు నిలిచాడు. రోజుకు యాభై కిలోమీటర్ల నడకతో పోవడానికి పన్నెండు రోజులు, ఖాళీగా రావడానికి రెండు. మొత్తం 17 రోజులు. బండి ఖర్చే 1,70,000, అంతా కలిపి 3,02,000. చేతికి వచ్చింది రెండు లక్షలు. మిగలలేదు సరిగదా, లక్షా రెండు వేలు మునిగాడు. తాను మునిగినట్టు అతనికి ఆ నెలలో తెలియదు కూడా. ఆ తరువాత వాయిదా తప్పినప్పుడు, ఇంట్లో నగ బయటికి వెళ్లినప్పుడు తెలుస్తుంది. అప్పుడు బర్కత్ లేదని వాపోతాడు. లోటు బర్కత్‌లో కాదు, పదమూడు రోజుల లెక్కలో ఉంది.

ఇంకొక చిత్రం గమనించండి. డీజిలు లీటరుకు ఐదు రూపాయలు పెరిగితే అడ్డాలో అందరూ గగ్గోలు పెడతారు. పై లెక్కలో దాని భారం మూడు వేలు. బండి ఒక్కరోజు ఊరికే నిలబడితే పది వేలు, దాని గురించి మాట్లాడేవారే లేరు. 2014 అక్టోబరులో డీజిలు ధర మీద ప్రభుత్వ నియంత్రణ తొలగింది, 2017 జూన్ నుంచి రోజువారీ ధర వచ్చింది కనుక బేరం నాటి డీజిలు ధర చీటీ మీద రాసుకోవడం మంచిదే. దానికంటే ముందు రాసుకోవలసినది హాల్టింగు: ఎన్ని రోజులు ఉచితం, ఆ తరువాత రోజుకు ఎంత.

తక్కువకు ఒప్పుకున్నవాడు ఆ లోటును ఎక్కడ పూడ్చుకుంటాడు? ఒకటి, అధిక లోడుతో. ప్రత్యేక అనుమతి విడదీయలేని ఒకే వస్తువుకు ఇస్తారు గానీ, ఒక దిమ్మె పక్కన ఇంకొక దిమ్మె వేసుకోవడానికి కాదు. 2019 సెప్టెంబరు నుంచి అమలులోకి వచ్చిన కేంద్ర చట్ట సవరణ ప్రకారం అధిక బరువుకు జరిమానా 20 వేలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు రెండు వేలు. పాత చట్టంలో ఇవి రెండు వేలు, వెయ్యి. బండి అంచులు దాటి సరుకు పొడుచుకు వస్తే దానికి వేరే 20 వేలు. ఈ శిక్ష నడిపినవాడికే కాదు, నడిపించినవాడికి కూడా. ఇక్కడ కూడా హిదాయా మాట గుర్తుకు వస్తుంది. ఒప్పుకున్న దానికంటే ఎక్కువ గోధుమలు వేసి జంతువు చనిపోతే, వేసినవాడు ఆ ఎక్కువ మేరకు నష్టం కట్టాలి. అసలు మోయలేనంత వేసి ఉంటే మొత్తం విలువ కట్టాలి. అయితే జంతువుకు నష్టపరిహారం రాబట్టిన మన పెద్దలు, నేడు అధిక లోడు వేయించి, బ్రేకులు పట్టక ఘాటురోడ్డులో లారీ బోల్తాపడితే డ్రైవరుదే తప్పు అని రాసేసే సరుకుదారును చూస్తే ఏమనేవారో!

రెండోది, నిద్రతో. 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం పని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని హద్దు గీసింది. తక్కువ కిరాయికి ఒప్పుకున్న బండిలో ఆ హద్దు ఎవరూ పాటించరు.

మరి రేటు ఎవరు నిర్ణయించాలి? ప్రభుత్వమే ఒక రేటు ప్రకటించాలని కొందరంటారు. 1988 మోటారు వాహనాల చట్టం 67వ సెక్షనులో సరుకు కిరాయిలకు కనిష్ఠ, గరిష్ఠ హద్దులు పెట్టే అధికారం రాష్ట్రాలకు ఉన్నమాట నిజమే. మదీనాలో ధరలు పెరిగినప్పుడు వాటిని నిర్ణయించమని కోరితే దైవప్రవక్త (స) అందుకు ఒప్పుకోలేదని హదీసుల ద్వారా మనకు తెలుసు. అమ్మేవాడికీ కొనేవాడికీ ఎవరికీ జుల్మ్ జరగకూడదన్నదే అక్కడి ఆందోళన. తరువాతి కాలంలో ఇమామ్ ఇబ్నె తైమియా, వ్యాపారులు కూడబలుక్కుని జనాన్ని పీడిస్తున్నప్పుడు న్యాయమైన ధరకు కట్టుబడేలా చేయడం అధికారి బాధ్యత అన్నారు. ఓ.డి.సి. విషయంలో ఒక రేటు పట్టిక పనికిరాదని మా అభిప్రాయం. ఏ రెండు లోడ్లూ ఒకటి కానప్పుడు, ఏ రెండు దారులూ ఒకటి కానప్పుడు పట్టిక ఎవరో ఒకరికి జుల్మ్ చేసి తీరుతుంది.

సంఘాలు కలిసి రేటు కట్టి, పక్క ఊరి లారీని లోడెత్తనివ్వకుండా ఆపడం మరీ తప్పు. దేశంలోని పోటీ చట్టం దాన్ని నిషేధిస్తుంది. పంజాబులో ఇలాంటి ట్రక్కు యూనియన్ల పెత్తనాన్ని 2017లో ప్రభుత్వం రద్దు చేయవలసి వచ్చింది. మన సోదరులున్న సంఘాలు ఆ దారి పట్టకుండా, కొత్తగా బండి కొన్న కుర్రవాడికి ఖర్చుల లెక్క వేయడం నేర్పితే అదే పెద్ద సేవ.

ఫిఖహ్‌లో దీనికి చక్కని దారి ఉంది. కిరాయి ఒప్పందంలో పని ఏమిటో తెలియాలి, ఉజ్రత్ ఎంతో తెలియాలి. రెండింటిలో ఏది మసకగా ఉన్నా ఒప్పందం ఫాసిద్, అంటే చెడినది. ఉజ్రత్ తేల్చకుండా పని చేయించుకుంటే అలాంటి పనికి లోకంలో నడిచే న్యాయమైన కూలి, ఉజ్రతె మిస్ల్, ఇచ్చి తీరాలి. కనుక లోడు ఎత్తక ముందే కొలతలు, కాటా చీటీ, దారి, నిలుపుదల రోజులు, అనుమతి రుసుము ఎవరిది, మధ్యలో ఏ వంతెన దగ్గరైనా అధికారులు ఆపి చుట్టుదారి పట్టిస్తే ఆ అదనపు దూరం ఎవరిది, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. ఇలాంటి బరువైన బండి దాటేటప్పుడు వంతెన మీద మరో వాహనం ఉండకూడదని, బ్రేకు వేయకుండా నత్తనడకన దాటాలని షరతులుంటాయి. ఆ షరతుల ఖరీదు కూడా కిరాయిలో భాగమే.

సరుకు విలువ కూడా దాచకూడదు. 1865 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 2007 రోడ్డు రవాణా చట్టం, దాని కింద 2011లో చేసిన నియమాల ప్రకారం, సరుకు పాడైతే రవాణాదారు బాధ్యత మామూలుగా కిరాయికి పది రెట్ల వరకే. మూడు లక్షల కిరాయికి ముప్పై లక్షలు. కోట్ల విలువైన ట్రాన్స్‌ఫార్మరు పంపేవారు పూర్తి బాధ్యత కోరితే దానికి తగిన అధిక రిస్కు రేటు చెల్లించాలని చట్టమే చెబుతోంది. ఆ రేటు అడగడం దురాశ కాదు. అయితే మన యజమానులకు కూడా ఒక మాట. లోడు సగం దారి చేరాక బండి ఆపి, ఇంకో యాభై వేలు పంపితే గానీ కదలనని ఫోను చేసేవారు ఉన్నారు. సరుకు మన చేతిలో అమానత్. దాన్ని తాకట్టు వస్తువుగా చూపి బేరమాడడం కిరాయి పెంచుకోవడం కాదు, ఖియానత్. లెక్క బయలుదేరక ముందు వేయాలి, దారిలో కాదు.

చివరిగా బత్తా. డ్రైవరుకు, క్లీనరుకు బత్తా ట్రిప్పుకింత, కిలోమీటరుకింత అని ఇచ్చే పద్ధతి మామూలు లోడ్లలో నడుస్తుంది. ఓ.డి.సి.లో అది రోజుకింత అని ఉండాలి, నిలిచిన రోజులతో సహా. పై లెక్కలోని బండిలో నాలుగు రోజుల బత్తా చేతిలో పెట్టి పంపితే, మిగిలిన పదమూడు రోజులు ఆ ఇద్దరూ తినేది ఇంటికి పంపవలసిన జీతంలోంచే. యజమాని తన లోడు చీటీలో బత్తా గడి ఎలా నింపాడో ఈ సాయంత్రమే ఒకసారి తీసి చూసుకోవచ్చు.